గ్రీన్ కెమిస్ట్రీ చెప్పాలంటే చార్టు పక్కన పెట్టి సింకు దగ్గర నిలబడండి

విషాలూ వ్యర్థాలూ వీలైనంత తక్కువ పుట్టేలా రసాయన పనులు చెయ్యడమే గ్రీన్ కెమిస్ట్రీ. దాని పన్నెండు సూత్రాల చార్టు ఒకటి గోడకు అంటించి, పిల్లలతో వరసపెట్టి చదివించి, పరీక్షలో "ఏవైనా నాలుగు సూత్రాలు రాయండి" అని అడిగేస్తే గ్రీన్ కెమిస్ట్రీ అయిపోయిందనుకునే అలవాటు మన దగ్గర బాగా పాతుకుపోయింది. ఆ సూత్రాల మీద నాకేం కోపం లేదు. 1998లో పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ అనే ఇద్దరు అమెరికా రసాయన శాస్త్రవేత్తలు వాటిని రాశారు, చాలా బాగా రాశారు, కాకపోతే కొత్త మందులూ రంగులూ ప్లాస్టిక్కులూ తయారుచేసే కెమిస్టులను దృష్టిలో పెట్టుకుని రాశారు. దేవరకొండ దగ్గర జెడ్పీ హైస్కూల్లో తొమ్మిది చదివే పిల్ల ఏ మందూ తయారుచెయ్యదు. కానీ ప్రాక్టికల్ అయ్యాక టెస్ట్‌ట్యూబులో మిగిలింది మాత్రం సింకులో పోస్తుంది. అక్కడ పట్టుకోండి.

ఆరో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా ఒకే ప్రశ్న అడగండి: ఇది ఎక్కడికి పోతుంది, అసలు ఇంత పొయ్యాల్సిన అవసరం ఉందా? సగం స్కూళ్లలో, కాలేజీల్లో సింకు పైపు గోడ బయట మట్టిలోకే తెరుచుకుంటుంది. పిల్లల్ని బయటికి తీసుకెళ్లి ఆ పైపు చివర చూపించండి, ఐదు నిమిషాల పని. అక్కడ గడ్డి ఎలా ఉందో వాళ్లే చెప్తారు.

ముందు వదిలించాల్సిన భ్రమ

"సహజమైనది మంచిది, కెమికల్ అంటే విషం" అనే మాట ప్రతి పిల్లవాడి నోట్లోనూ ఉంటుంది, యూట్యూబ్ పుణ్యమా అని ఈమధ్య ఇంకా ఎక్కువైంది. దీన్ని పోగొట్టకుండా గ్రీన్ కెమిస్ట్రీ మొదలుపెడితే అది కాస్తా ఆర్గానిక్ సబ్బుల ప్రచారంగా తయారవుతుంది. ఈ భ్రమ పోగొట్టడానికి మనకున్న ఉదాహరణ ఇంకెవరికీ లేదు, అదేం గర్వపడే విషయం కాదనుకోండి. నల్గొండ బోర్లలో ఫ్లోరైడ్‌ను ఏ ఫ్యాక్టరీ కలపలేదు. గ్రానైటు రాళ్లలో ఉన్న ఖనిజాల నుంచి అది నెమ్మదిగా భూగర్భ జలంలోకి దిగింది, నూటికి నూరు పాళ్లు సహజం. మర్రిగూడ వైపు తరాల తరబడి ఎముకలు వంకరపోయింది ఆ సహజమైన నీళ్లు తాగే. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం చెప్తుంది. ఈ ఒక్క సంగతి క్లాసులో సరిగ్గా చెప్తే "సహజం" అనే మాట విన్నప్పుడల్లా పిల్లలు ఆగి ఆలోచిస్తారు.

అక్కడి నుంచి నేరుగా నల్గొండ టెక్నిక్‌లోకి వెళ్లండి. మన జిల్లా పేరుతో ప్రపంచమంతా తెలిసిన పద్ధతి ఇది, మన పిల్లలకే తెలియదు. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. నీళ్లలో పటిక, దానికి ఇరవయ్యో వంతు సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడరు వేసి కలిపితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ దూదిపింజల్లా ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీళ్లు వడగట్టుకోవాలి.

క్లాసులో చెయ్యడం తేలిక. లీటరు బోరు నీళ్లు, అర గ్రాము పటిక పొడి, గోరు చివర అంటేంత సున్నం. పది నిమిషాలు మెల్లగా కలపాలి, గరిటె పెట్టి గిరగిరా తిప్పితే పింజలు చెదిరిపోతాయి, అది ముందే చెప్పండి. తర్వాత గంట వదిలెయ్యాలి. పీరియడ్ 45 నిమిషాలే కాబట్టి మొదటి పీరియడ్‌లో పెట్టి ఇంటర్వెల్ తర్వాత చూపించడం మేలు. ఆ నీళ్లు ఎవరినీ తాగనివ్వకండి, ఇది చూడ్డానికే. ఫ్లోరైడ్ పరీక్ష కిట్ ఎక్కడైనా దొరికితే ముందూ తర్వాతా రంగు పోల్చి చూపించొచ్చు, దొరక్కపోయినా పాఠానికి వచ్చిన నష్టం లేదు. ఎందుకంటే అసలు పాఠం అడుగున ఉంది.

పైన నీళ్లు వంపేసి అడుగున మిగిలిన తెల్లటి బురదను పిల్లలకు చూపించి, దీన్ని ఎక్కడ పారేద్దాం అని అడగండి. బావి పక్కనా? పొలంలోనా? ఒక ఊరు మొత్తం రోజూ ఇలా చేస్తే సంవత్సరానికి ఎంత బురద? పైగా పటిక మోతాదు ఎక్కువైతే అల్యూమినియం కొంత నీళ్లలోనే ఉండిపోతుంది. ఇప్పుడు మిషన్ భగీరథలో కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి, అంటే ఫ్లోరైడ్‌ను తీసెయ్యడం మానేసి ఫ్లోరైడ్ లేని నీళ్లను తెచ్చుకున్నాం. వ్యర్థం పుట్టాక శుద్ధి చెయ్యడం కంటే పుట్టకుండా చూసుకోవడం మేలు అనేదే పన్నెండింటిలో మొదటి సూత్రం, పిల్లలు దాన్ని చార్టు చూడకుండానే చెప్పేస్తారు. చురుకైన పిల్ల ఎవరైనా ఉంటే "మరి ఆ నీళ్లను అంత దూరం పంపు చెయ్యడానికి కరెంటు కావాలి కదా సార్" అంటుంది. ఆ ప్రశ్న వచ్చిన రోజు మీ క్లాసు పండినట్టే, వెంటనే జవాబు చెప్పి దాన్ని చంపకండి.

చిన్న క్లాసుల్లో

ఆరు నుంచి ఎనిమిది దాకా సూత్రాలూ లెక్కలూ ఏమీ వద్దు. దిష్టి తీసే ఎర్రనీళ్లు ప్రతి పిల్లా ఇంట్లో చూసే ఉంటుంది, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని తెలుసు. ఆ ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండమనండి. మళ్లీ పసుపు రంగు వస్తుంది. మళ్లీ సున్నం, మళ్లీ ఎరుపు. లిట్మస్ కాగితం కొనకుండా ఆమ్లం, క్షారం పాఠం అయిపోయింది. మందార పూల రసం ఇంకా బాగుంటుంది, ఆమ్లంలో ముదురు గులాబీ రంగుకూ క్షారంలో ఆకుపచ్చకూ మారుతుంది, ఫిల్టర్ పేపర్ ముక్కలు అందులో నానబెట్టి నీడలో ఆరబెడితే కొన్నాళ్లు వాడుకోవచ్చు.

రెండోది ఆలుగడ్డ. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ కొంచెం గ్లాసులో పోసి పచ్చి ఆలుగడ్డ ముక్క వేస్తే బుసబుసా నురగ వస్తుంది. అగరుబత్తి వెలిగించి మంట ఆర్పేసి ఆ నిప్పును నురగ పైన పెట్టండి, నిప్పు ఒక్కసారిగా ప్రకాశవంతంగా వెలుగుతుంది. ఆలుగడ్డలోని కాటలేజ్ అనే ఎంజైము ఉత్ప్రేరకంగా పనిచేసింది. పాత పుస్తకాల్లో ఆక్సిజన్ తయారీకి పొటాషియం క్లోరేటు, మాంగనీస్ డయాక్సైడు కలిపి వేడిచెయ్యమని ఉండేది, అది పేలే ప్రమాదం ఉన్న పని. ఇక్కడ మంట లేదు, పేలుడు లేదు, మిగిలింది నీళ్లూ ఆలుగడ్డ ముక్కా. పెరాక్సైడ్ సీసా మాత్రం మీ చేతిలోనే ఉండాలి, కళ్లలో పడితే ఆడుకునే వస్తువు కాదది.

టెన్త్, ఇంటర్ దగ్గర అసలు పని

ఇంటర్‌లో ఈ పేరు పర్యావరణ రసాయన శాస్త్రం పాఠంలో చివర ఎక్కడో తగిలేది. డ్రై క్లీనింగ్‌లో టెట్రాక్లోరో ఈథీన్ బదులు ద్రవ కార్బన్ డయాక్సైడ్, కాగితం తెల్లబరచడానికి క్లోరిన్ బదులు పెరాక్సైడ్, రెండు మార్కులు, అయిపోయింది. డ్రై క్లీనింగ్ షాపే చూడని పిల్లవాడికి ఆ ఉదాహరణతో ఏం పని? వాడి చేతిలో ఉన్న బ్యూరెట్టు చూపించండి.

పర్మాంగనేట్, మోర్ లవణం (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేటు) టైట్రేషన్ తీసుకుందాం, అంటే ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతూ రెండోదాని గాఢత తేల్చడం. పిపెట్టుతో 20 మి.లీ., దానికి 20 మి.లీ. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం, బ్యూరెట్టు నుంచి సుమారు ఇంకో 20. అంటే ఒక్కసారికి 60 మి.లీ. ఒక్కొక్కరు మూడుసార్లు చేస్తే, 40 మంది బ్యాచికి 7 లీటర్ల పైన. ఈ లెక్క మీరు చెప్పకండి, బోర్డు మీద పిల్లలతో చేయించండి. తర్వాత సూది తీసేసిన సిరంజిలు ఇచ్చి 2 మి.లీ., 2 మి.లీ., 2 మి.లీ.తో అదే టైట్రేషన్ చేయించండి. మొత్తం 720 మి.లీ. వస్తుంది. ఫలితంలో తేడా ఎంత వచ్చిందో రాయమనండి, ఎందుకంటే చిన్న పరిమాణంలో ఒక్క చుక్క తేడా కూడా పెద్దదే, దాన్ని దాచిపెట్టి "అంతా బాగుంది" అని చెప్పడం సైన్సు కాదు. బోర్డు పరీక్షలో బ్యూరెట్టే పట్టుకోవాలి కాబట్టి నేర్చుకునేటప్పుడు సిరంజి, పరీక్షకు ముందు ఒకట్రెండు రోజులు బ్యూరెట్టు. పేరెంట్సుకీ ప్రిన్సిపల్‌కీ ఈ మాట ముందే చెప్పేస్తే ఎవరికీ టెన్షన్ ఉండదు.

లవణ విశ్లేషణకి నేను చెప్పే చిట్కా ఖాళీ గోలీల స్ట్రిప్. గోలీ నొక్కి తీసేశాక పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గుంటలు మిగులుతాయి కదా, వాటిలో ఒక్కో గుంటలో రెండు చుక్కల లవణ ద్రావణం, ఒక చుక్క కారకం. బేరియం క్లోరైడ్ వేస్తే సల్ఫేటుకు తెల్లటి అవక్షేపం, కింద నల్ల కాగితం పెడితే ఎంత స్పష్టంగా కనిపిస్తుందంటే టెస్ట్‌ట్యూబులో కూడా అంత బాగా కనిపించదు. కాపర్‌కి అమ్మోనియా చుక్క వేస్తే ముదురు నీలం. పది గుంటల స్ట్రిప్‌తో పది పరీక్షలు. రెండు వైపులా అల్యూమినియమే ఉండే స్ట్రిప్పులు మాత్రం వద్దు, ఆమ్లమూ క్షారమూ దాన్ని తినేస్తాయి, మీ పరీక్షలో అల్యూమినియం లేకున్నా ఉన్నట్టు వస్తుంది. వేడిచెయ్యాల్సినవి, నైట్రేటుకు చేసే బ్రౌన్ రింగ్ పరీక్ష లాంటివి టెస్ట్‌ట్యూబులోనే చెయ్యాలి, అన్నిటికీ ఇదే మంత్రం కాదు.

కొన్ని పరీక్షలు పూర్తిగా మానెయ్యొచ్చు. క్లోరైడ్‌కి సిల్వర్ నైట్రేట్ ఉండగా పొటాషియం డైక్రోమేటుతో క్రోమైల్ క్లోరైడ్ పరీక్ష పిల్లలందరితో చేయించడం దేనికి? డైక్రోమేటులో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. టీచరు ఒక్కసారి చేసి చూపిస్తే చాలు, వీడియో అయినా చాలు. లెడ్, కాడ్మియం, మెర్క్యురీ లవణాలు కూడా అంతే. ఇక లోహాలను గుర్తించడానికి వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ కంపు భరించలేక చాలామంది థయోఎసిటమైడ్‌కి మారి, "మేం గ్రీన్ అయిపోయాం" అనుకుంటారు. వాసన తగ్గిన మాట నిజమే. కానీ అది కూడా క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలోనే ఉంది. ఒకదాని బదులు ఇంకోటి పెట్టేముందు సీసా మీది హెచ్చరిక గుర్తులు చదవడం పిల్లలకు అలవాటు చెయ్యండి.

సింకు పక్కన మూడు బకెట్లు పెట్టండి: ఆమ్లాలు క్షారాలు ఒకదాంట్లో, భార లోహాలు ఒకదాంట్లో, ఆర్గానిక్ ద్రావణులు ఇంకోదాంట్లో. మొదటిదాన్ని సున్నంతోనో వాషింగ్ సోడాతోనో తటస్థం చేసి, పీహెచ్ కాగితం 7 దగ్గర చూపించాకే పారబొయ్యాలి. పర్మాంగనేట్ మిగిలితే ఫెర్రస్ సల్ఫేటు వేస్తే రంగు పోతుంది. డైక్రోమేటుకీ ఆమ్లంలో అదే ఫెర్రస్ సల్ఫేటు, నారింజ రంగు పోయి ఆకుపచ్చ వచ్చాక సున్నం వేస్తే హైడ్రాక్సైడ్‌గా దిగుతుంది, ఆ ముద్దను ఎండబెట్టి లేబుల్ వేసిన డబ్బాలో దాచాలి. ఈ పని ల్యాబ్ అటెండర్ మీద వదిలెయ్యొద్దు. పిల్లలు పాఠంలో నేర్చుకున్న రెడాక్స్ ఇదే, చేతులతో చెయ్యనివ్వండి.

ఆటమ్ ఎకానమీ ఎలా చెప్పాలి

1991లో బ్యారీ ట్రోస్ట్ తెచ్చిన ఆలోచన ఇది: చర్యలో వేసిన పరమాణువుల్లో ఎన్ని మనకు కావాల్సిన పదార్థంలోకి చేరాయి? దిగుబడి వేరు, ఇది వేరు, డిగ్రీ పిల్లలు కూడా ఈ రెండింటి దగ్గరే తికమకపడతారు. మిర్యాలగూడ పక్కన చదివే పిల్లలకు రైస్ మిల్లు గుర్తుచెయ్యండి. క్వింటాలు వడ్లు ఆడిస్తే 67 కిలోల బియ్యం లెక్క, మిగతాది ఊక, తవుడు. మిల్లు ఎంత బాగా పనిచేసినా వడ్ల గింజకు ఊక ఉండనే ఉంటుంది, అది ఆటమ్ ఎకానమీ. రోలర్లు సరిగ్గా లేక బియ్యం నూకై పోవడం, నేలపాలవడం దిగుబడి సంగతి. ఊకను బాయిలర్‌లో వేసుకున్నట్టే పక్కన పుట్టిన పదార్థాన్ని వాడుకోగలిగితే లెక్క మారిపోతుంది.

వెంటనే కాగితం మీద లెక్క. ఎసిటనిలైడ్ తయారీ డిగ్రీ ల్యాబుల్లో అందరూ చేసేదే. అనిలీన్ 93, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ 102, మొత్తం 195. వచ్చేది ఎసిటనిలైడ్ 135, పక్కన ఎసిటిక్ ఆమ్లం 60. అంటే 69 శాతం. అదే అన్‌హైడ్రైడ్ మానేసి ఎసిటిక్ ఆమ్లంతో, చిటికెడు జింకు పొడి వేసి మరగబెడితే 93కి 60 కలిపి 153, వచ్చేది 135, పక్కన పుట్టేది నీళ్లు. 88 శాతం. రెండు పద్ధతులూ రెండు బ్యాచులతో చేయించి పోల్చమనండి, రెండోదానికి ఎక్కువసేపు వేడిచెయ్యాలి కాబట్టి కరెంటు ఎంత కాలిందో కూడా రాయమనండి. ఏది గెలిచిందో తేల్చే పని వాళ్లకే వదిలెయ్యండి. ఇబుప్రొఫెన్ గోలీ కథ ఇక్కడ బాగా అతుకుతుంది: పాత పద్ధతిలో ఆరు మెట్లు, 40 శాతం ఆటమ్ ఎకానమీ, 1992లో టెక్సస్‌లో ఫ్యాక్టరీ స్థాయిలో మొదలైన కొత్త పద్ధతిలో మూడే మెట్లు, 77 శాతం.

అయితే ఈ అంకెను నెత్తిన పెట్టుకోకూడదని చెప్పడానికి భోపాల్‌ను మించిన పాఠం లేదు. 1984 డిసెంబర్ 2 రాత్రి లీకైన మిథైల్ ఐసోసయనేట్, కార్బరిల్ అనే పురుగుమందు తయారీలో మధ్యలో వచ్చే పదార్థం. మిథైల్ అమీన్, ఫాస్జీన్ ముందు కలిపితే ఐసోసయనేట్ వస్తుంది, దానికి నాఫ్తాల్ చేరిస్తే కార్బరిల్. ఇప్పుడు వరస మార్చండి: నాఫ్తాల్, ఫాస్జీన్ ముందు కలిపి, చివర్లో మిథైల్ అమీన్ వెయ్యండి. అదే కార్బరిల్ వస్తుంది, ఐసోసయనేట్ మాత్రం ఎక్కడా పుట్టదు. రెండు దారుల్లోనూ వేసిన పదార్థాలు అవే, వచ్చినవీ అవే, కాబట్టి ఆటమ్ ఎకానమీ అణుమాత్రం తేడా రాదు. పిల్లలతో లెక్క కట్టించి, రెండూ సమానమని వాళ్ల నోటితో అనిపించి, అప్పుడు అడగండి: మరి మీ ఊరి పక్కన ఏది కట్టనిస్తారు? ఫాస్జీన్ రెండిట్లోనూ ఉంది, అది కూడా విషవాయువే, ఆ సంగతి దాటవెయ్యకండి. పత్తి చేలల్లో మందు కొట్టే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఈ క్లాసు ఊరికే పోదు.

డిగ్రీ, పీజీ ల్యాబుల్లో

కండెన్సర్ నీళ్లతో మొదలుపెట్టండి. రిఫ్లక్స్‌లో, అంటే ఆవిరిని చల్లార్చి మళ్లీ పాత్రలోకే దించుతూ మరగబెట్టేటప్పుడు, ఆ ఆవిరిని చల్లార్చే గొట్టమే కండెన్సర్. నల్లా నిమిషానికి లీటరు చొప్పున వదిలితే రెండు గంటల రిఫ్లక్స్‌కి 120 లీటర్లు, పది సెట్లయితే 1200. పాలమూరులో కూర్చుని ఇన్ని మంచినీళ్లు మోరీలోకి వదులుతూ గ్రీన్ కెమిస్ట్రీ పాఠం చెప్పడం నాకైతే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎయిర్ కూలర్‌లో వాడే చిన్న మోటారు ఒకటి, బకెట్టు నీళ్లు, రెండు ట్యూబులు. మోటారును బకెట్లో ముంచి కండెన్సర్ కింది నాజిల్‌కి కలపండి, పై నాజిల్ నుంచి వచ్చే నీళ్లు మళ్లీ బకెట్లోకే. ఎండాకాలం నీళ్లు వేడెక్కితే ఐసు ముక్కలు వెయ్యాలి. మోటారు వైరు బెంచీ తడికి దూరంగా ఉందో లేదో ముందు చూసుకోండి.

మన ఎండ కూడా ఒక కారకమే. బెంజోఫినోన్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి, ఒక చుక్క గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం వేసి, మూత బిగించి డాబా మీద పెట్టండి. కొన్ని రోజుల్లో బెంజోపినకాల్ తెల్లటి స్ఫటికాలుగా దిగుతుంది. స్టవ్ లేదు, హీటర్ లేదు. ఆటమ్ ఎకానమీ 86 శాతం, పక్కన పుట్టేది ఎసిటోన్. ఒక గొట్టాన్ని నల్ల కాగితంలో చుట్టి పక్కనే పెడితే పనిచేసింది వేడా, వెలుగా అన్నది కూడా తేలిపోతుంది.

బెంజాయిన్ తయారీకి సయనైడ్ ఇంకా ఎవరైనా వాడుతుంటే ఈ రోజే ఆపెయ్యండి, విటమిన్ బీ1, అంటే థయమిన్, అదే పని చేస్తుంది, కాకపోతే తొందరపడదు, ఒకరోజు పైన ఆగాలి. బెంజిల్ నుంచి బెంజిలిక్ ఆమ్లాన్ని ద్రావణి లేకుండా, ఘన సోడియం హైడ్రాక్సైడ్‌తో కలిపి నూరి వేడిచేసి చెయ్యొచ్చు. ఎసిటనిలైడ్ బ్రోమినేషన్‌కి బ్రోమిన్ సీసా తెరవకుండా పొటాషియం బ్రోమైడ్, సెరిక్ అమ్మోనియం నైట్రేట్ వాడే పద్ధతి ఉంది.

పీజీ పిల్లల్లో చాలామంది చూపు జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్ మీదో, చౌటుప్పల్ మీదో, హైదరాబాద్ ఫార్మా మీదో ఉంటుంది. వాళ్లకు రోజర్ షెల్డన్ చెప్పిన ఈ-ఫ్యాక్టర్ నేర్పండి: కిలో సరుకుకి ఎన్ని కిలోల వ్యర్థం. పెట్రోకెమికల్స్ లాంటి భారీ ఉత్పత్తిలో 1 లోపు నుంచి 5 దాకా ఉంటే, మందుల తయారీలో 25 నుంచి 100 పైదాకా పోతుందని ఆయన పట్టిక. అందులో పెద్ద వాటా ద్రావణులదే. తమ ప్రాజెక్టులో చేసిన ఒక్క చర్యకి, సరుకును శుద్ధి చేసే కాలమ్‌లో పోసిన హెక్సేన్‌తో సహా, ఈ-ఫ్యాక్టర్ కట్టమనండి. అంకె వేలల్లో వస్తే భయపడనివ్వకండి, ల్యాబ్ స్థాయిలో అంతే వస్తుంది, కానీ ఎక్కడ తగ్గించొచ్చో ఒక పేరా రాయాలి. ఆ పేరా రాసిన పిల్లవాడు ఇంటర్వ్యూలో నోరు తెరిచి మాట్లాడగలడు.

మార్కులు, ఇండెంటు

మార్కులు లేనిది పిల్లలు చెయ్యరు, అది వాళ్ల తప్పు కాదు. రికార్డులో ప్రతి ప్రయోగం చివర నాలుగు గడులు గీయించండి: ఏం వాడాం, ఎంత, ఏం మిగిలింది, ఎక్కడ పోశాం. ఇంటర్నల్స్‌లో రెండు మార్కులు దీనికే కేటాయించండి. వైవాలో సూత్రాలు అప్పజెప్పించుకోవద్దు, "ఈ ప్రయోగాన్ని సగం పదార్థంతో చెయ్యమంటే ఏం మారుస్తావ్" అని అడగండి.

జూన్‌లో కెమికల్స్ ఇండెంటు రాసేటప్పుడు పోయిన ఏడాది కాగితాన్ని ఉన్నదున్నట్టు దించెయ్యకుండా, ఒక సీనియర్ బ్యాచిని కూర్చోబెట్టి బీరువాలో ఏముందో ముందు రాయించండి. సగం సరుకు అక్కడే ఉంటుంది. లేబుల్ చిరిగిపోయిన సీసాలు, గడ్డకట్టిన పాత డైక్రోమేటు, ఎవరో ఎప్పుడో తెప్పించిన మెర్క్యురిక్ క్లోరైడ్ కనిపిస్తే సింకులో పొయ్యొద్దు, చెత్తబుట్టలో వెయ్యొద్దు. విడిగా ఒక ట్రేలో పెట్టి, పేరు, తేదీ రాసి, తాళం వేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లే అనుమతి ఉన్నవాళ్లకు ఇప్పించమని ప్రిన్సిపల్‌కి కాగితం పెట్టండి.